చెరువుకు నాచు పొడి: కొలత తప్పితే దండుగే

ఆక్వా మందుల దుకాణాల్లో సముద్రపు నాచు పేరుతో పొట్లాలూ సీసాలూ కనిపిస్తున్నాయి. రోగనిరోధక శక్తి పెరుగుతుంది, మేత ఆదా అవుతుంది, చేప మెరుస్తుంది అంటూ ఒకే లేబుల్ మీద అన్ని వరాలూ ఉంటాయి. నాచులో సరుకు లేదని మేమనడం లేదు. ఏ నాచు, ఎంత, ఏ చేపకు, ఎన్నాళ్లు అన్నది చెప్పకుండా అమ్మడం మీదే మా అభ్యంతరం. పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోయే సాగులో, కిలో చేపకు అదనంగా పడే ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి.

ముందుగా ఒక అపోహ తొలగాలి. నాచు పొడి వేరుశనగ చెక్కకో సోయాకో బదులు కాదు. తమిళనాడు తీరంలో ఎక్కువగా పండించే కప్పాఫైకస్‌లో మాంసకృత్తులు చాలా తక్కువ. పచ్చ నాచు ఉల్వాలో కాస్త మెరుగు, అదీ జాతిని బట్టి, రుతువును బట్టి మారుతుంది. ఎండిన నాచు బరువులో పావు వంతు దాకా, కొన్నిసార్లు అంతకు మించి బూడిదే, అంటే లవణాలే. దాని విలువంతా ఉల్వాన్, ఫ్యూకోయిడాన్, ఆల్జినేట్ లాంటి పిండిపదార్థాల్లోనూ, వర్ణకాల్లోనూ, అయొడిన్ వంటి ఖనిజాల్లోనూ ఉంది. ఇవి కొద్దిగా అందితే చేప పేగులోని మేలు చేసే బ్యాక్టీరియాకు, రోగనిరోధక కణాలకు ఊతం. ఎక్కువైతే అవే జిగురు పదార్థాలు పేగులో మేతను చిక్కబరచి, పోషకాలు ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. తిలాపియా, పండుగప్ప, రొయ్యల మీద వివిధ దేశాల్లో జరిగిన ప్రయోగాల సారం స్థూలంగా ఇదే: మేతలో 2 నుంచి 5 శాతం వరకు ప్రయోజనం కనిపిస్తుంది, 10 శాతం దాటితే చాలా సందర్భాల్లో ఎదుగుదల తగ్గుతుంది. శీలావతి, బొచ్చెల మీద అంత విస్తారమైన పని జరగలేదు. మన చెరువుల్లో ఎక్కువున్నవి అవే.

లెక్క వేసి చూద్దాం. పదెకరాల చెరువులో 20 టన్నుల చేప ఉంది, రోజుకు బరువులో 2 శాతం మేత వేస్తున్నారనుకుంటే 400 కిలోలు. అందులో 3 శాతం నాచు అంటే రోజుకు 12 కిలోల పొడి, నెలకు 360 కిలోలు. పచ్చి నాచులో దాదాపు 85 శాతం నీరే కాబట్టి టన్ను నాచును 12 శాతం తేమ మిగిలేలా ఎండబెడితే చేతికొచ్చేది 170 కిలోలు. అంటే ఈ ఒక్క చెరువుకే నెలకు రెండు టన్నులకు పైగా పచ్చి నాచు కావాలి. లీటరు సీసా పదెకరాలకు సరిపోతుందని ఎవరైనా అంటే, అందులో ఉన్నదేమిటో గట్టిగా అడగాల్సిందే.

మిరప, వరి పైర్లపై చల్లే నాచు ద్రావణాన్ని మేతకు పట్టించే ఆలోచన అసలే వద్దు. అలాంటి ద్రావణాల్లో చాలావాటిని పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారంతో తీస్తారు, కొన్నింటిలో ఎరువులూ కలుపుతారు. ఆకు మీద పనికొచ్చినంత మాత్రాన చేప కడుపులో పనికిరాదు.

పొడి తయారీలో తేడా వచ్చేది మొదటి రోజే. కోసిన నాచును సముద్రపు నీళ్లలోనే జాడించి ఇసుక, గుల్లలు, పీతపిల్లలను వదిలించాలి. ఆ తర్వాత మంచినీటిలో ఒక్కసారి ముంచి తీయాలి. గంటల తరబడి నానబెడితే కావలసిన పదార్థాలు నీళ్లపాలవుతాయి. ఇసుక మీద కాకుండా ఎత్తుగా కట్టిన వలల మీద పలుచగా పరచి ఎండబెట్టాలి. ముసురు పట్టి బూజు వస్తే ఆ సరుకు పారేయడమే, మళ్లీ ఎండబెడితే బూజు విషం పోదు. ఉప్పు వల్ల పొడి గాలిలోని తేమను లాగేసుకుంటుంది కాబట్టి లోపలి పొర ఉన్న సంచుల్లో బిగించి ఉంచాలి. కొనేవారికి ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసు నీళ్లలో గుప్పెడు పొడి వేసి కలిపి కాసేపు ఆగితే, ఇసుక అడుగున వేరుగా నిలుస్తుంది. ఇసుకను నాచు ధరకు కొనే అవస్థ తప్పుతుంది.

ఆర్సెనిక్ విషం మాత్రం గ్లాసులో కనపడదు. గోధుమ రంగు నాచులకు, ముఖ్యంగా కొన్ని సర్గాసం జాతులకు, దాన్ని పేర్చుకునే గుణం ఉంది. ఓడరేవులు, ఫ్యాక్టరీల వ్యర్థజలాలు కలిసే చోట కొట్టుకొచ్చిన నాచును ఏరి పొడి కొట్టడం ఏ విధంగానూ ఆమోదించదగ్గది కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్‌ల అవశేషాలతో ఇప్పటికే యూరప్ తనిఖీల్లో నలుగుతున్న మన ఆక్వా సరుకుకు కొత్తగా భారలోహాల మచ్చ తోడు కారాదు.

కొల్లేరు చుట్టూ తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి వెదురు గడలకు కట్టడం అలవాటు. ఇక్కడే నాచు పొడి ఇబ్బంది పెడుతుంది. మరీ మెత్తగా ఉంటే చేప నోరు పెట్టేలోగా చిల్లుల నుంచి నీళ్లలో కలిసిపోతుంది. జిగురెక్కితే చిల్లులు పూడి మేత సంచిలోనే పులుస్తుంది. తవుడుతో పొడిగా కలిపి, ఆపైన కొద్దిగా తడిపి, మొదటి వారం 1 శాతంతో మొదలుపెట్టి సాయంత్రం సంచులు విప్పి చూడటం మంచిది. తేలే గుళికల మేతలో ఇంకో చిక్కు ఉంది. బూడిద, పీచు పెరిగేకొద్దీ గుళిక సరిగా ఉబ్బక మునుగుతుంది. కాబట్టి ఆ పని ఫ్యాక్టరీలో, కొలతతో జరగాలి.

ఏడాది పొడవునా వేయడమూ అనవసరం. రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే పదార్థాలను ఆపకుండా ఇస్తే ఆ స్పందనే మొద్దుబారవచ్చు. చలికాలానికి ముందో, పిల్లల్ని పెద్ద చెరువుకు మార్చే ముందో నాలుగు నుంచి ఆరు వారాలు వేసి ఆపితే ఖర్చూ కలిసొస్తుంది. చేప పేను పట్టినా, మబ్బు పట్టిన తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా, అమ్మోనియా పెరిగినా నాచు ఏమీ చేయలేదు.

సరఫరా సంగతి మరో చిక్కు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సముద్రంలో నాచు పెంచే తెప్పలకు సాయం అందుతోంది. కానీ మన ఆంధ్ర తీరానికి తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలాంటి అండ లేదు. అలల పోటు, తుపాన్లు తెప్పల్ని విరిచేస్తాయి, గోదావరి వరద రోజుల్లో కోనసీమ వైపు సముద్రంలో ఉప్పదనం పడిపోతుంది. విదేశీ కప్పాఫైకస్ మన్నార్‌లోని కురుసడై దీవి పగడపు దిబ్బల మీద అల్లుకున్న అనుభవమూ కళ్లముందుంది. స్థానిక ఉల్వా, గ్రాసిలేరియాలతో, భీమిలి వైపు రాతి తీరంలో చిన్నగా మొదలుపెట్టడమే మేలు.

మేత నాణ్యత నియంత్రణకు రాష్ట్రం 2020లో చట్టం చేసింది. పైర్లపై చల్లే నాచు ఉత్పత్తులు 2021లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. మేతలో కలిపే నాచు పొడి సంచి మీద కూడా జాతి పేరు, సేకరించిన చోటు, తేమ, బూడిద, ఇసుక, ఆర్సెనిక్, అయొడిన్ శాతాలు, వాడాల్సిన మోతాదు అచ్చు వేయాలని మత్స్యశాఖ ఆదేశించాలి. కేంద్ర మంచినీటి ఆక్వా పరిశోధన సంస్థ (సీఫా) విజయవాడ ప్రాంతీయ కేంద్రం, కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్‌ఈ) కాకినాడ కేంద్రం కలిసి ఈ శీతాకాలంలోనే రైతుల చెరువుల్లో ప్రయోగం పెట్టాలి. ఒకే గట్టు మీద, ఒకే బ్యాచ్ పిల్లలతో, మూడు చెరువుల్లో నాచు కలిపిన సంచి మేత, మూడింటిలో మామూలు మేత వేసి, పట్టుబడి నాటికి బతికిన చేపలు, ఎఫ్‌సీఆర్ (కిలో చేప పెరగడానికి పట్టిన మేత), కిలోకు పడిన ఖర్చు గ్రామసభలో చదివి వినిపించాలి. ఫలితం అనుకూలంగా రాకపోయినా సరే, అదీ బయటపెట్టాలి.