చేపల పెంపకం ఒక్కటే కాదండీ

మంచినీటి శాస్త్రం, అంటే వాగులు, సరస్సుల నీటినీ అందులోని జీవాలనూ పరిశీలించే సబ్జెక్టు చదివితే చివరికి చేపల చెరువులు చూసుకోవడమే అని ఈమధ్య ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను పీజీ చేసింది ఈ సబ్జెక్టులోనే కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

మొదటి ఫీల్డ్ రోజు మోకాలి లోతు వాగులో నిలబడి, అడుగున రాళ్ళను కాళ్ళతో కదుపుతూ, దిగువన వల పట్టాం. తెల్ల ట్రేలో పోస్తే బురద, కుళ్ళిన ఆకులే కనిపించాయి. కాసేపు కదలకుండా చూస్తే ఆకు కింద నుంచి ఒకటి పాకింది. మూడు సన్నటి తోకలు, పొట్టకు రెండు పక్కలా రెపరెపలాడే మొప్పలు. అది మేఫ్లై అనే రెక్కల కీటకం పిల్లపురుగు. ఇలాంటివి రకరకాలుగా దొరికితే నీటిలో ఆక్సిజన్ బాగున్నట్టే. అవి పోయి, హిమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉండే కైరోనమిడ్ (కుట్టని దోమలాంటి ఈగ) పిల్లపురుగులే మిగిలితే పైనెక్కడో మురుగు కలుస్తోందేమో చూడాలి. సీసాలో పట్టిన నీరు ఆ క్షణం సంగతే చెబుతుంది, పురుగులు మాత్రం నెలల చరిత్ర చెబుతాయి.

సరస్సులది ఇంకో లోకం. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉండి అడుగుకు చేరుతుంది, మంచు పైనే తేలుతుంది, అందుకే గడ్డకట్టిన సరస్సు అడుగున కూడా చేపలు బతుకుతాయి. 19వ శతాబ్దంలో స్విస్ శాస్త్రవేత్త ఫోరెల్ జెనీవా సరస్సు మీద చేసిన పనితో ఈ శాస్త్రానికి లిమ్నాలజీ అనే పేరు స్థిరపడింది.

లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు స్టాటిస్టిక్స్‌కు ముందే సిద్ధపడండి, తప్పదు. చేరేముందు సిలబస్‌లో ఫీల్డ్ రోజులు ఎన్నో అడగండి. అవి లేని కోర్సు అయితే నేను చేరమనను.