ఉన్న ఇంజిన్‌కి ఏమైంది?

మా ఆవిడ ఈ ప్రశ్న అడిగి పదకొండు వారాలైంది. చూడ్డానికి మూడు మాటలే. జవాబు కోసం నేనొక ఎక్సెల్ షీటు తెరిచాను, అందులో ఇప్పటికి తొమ్మిది ట్యాబులయ్యాయి, జవాబు మాత్రం ఇంకా తేలలేదు. ఇంట్లో వివరించబోతే రెండో ట్యాబు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి పొయ్యి మీద పప్పు గుర్తొస్తుంది. అందుకని విషయాన్ని నిష్పక్షపాతంగా, ఆర్థిక సూత్రాలు ఎక్కడా తప్పకుండా, విజ్ఞులైన పాఠకుల ముందు పెడుతున్నాను.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న నాకు 1999 మోడల్ మాజ్డా మియాటా ఒకటి ఉంది. రెండే సీట్లు, 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 140 హార్స్‌పవర్. తాళం తిప్పితే స్టార్టవుతుంది, ఆపితే ఆగుతుంది. ఆరున్నర వేల డాలర్లు పెట్టి కొన్న నాటి నుంచి ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద వదిలేయలేదు. దాని మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇదే. ఆ ఇంజిన్ పీకేసి, అదే కంపెనీ ఆర్‌ఎక్స్-7 అనే స్పోర్ట్స్ కారు కోసం చేసిన 13బి-ఆర్‌ఈడబ్ల్యూ అనే రోటరీ ఇంజిన్‌ని, రెండు చిన్న టర్బోల (అంటే పొగ తోపుడికి తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి కుక్కే పంకాల) బదులు ఒక పెద్ద టర్బో తగిలించి, ఇందులో కూర్చోబెట్టాలన్నది ప్రతిపాదన. ప్రతిపాదన అని ఎందుకంటున్నానంటే, ఆ ఇంజిన్ ఇప్పటికే వచ్చి మా గరాజ్‌లో స్టాండు మీద కూర్చుని నెలైంది. అయినా చర్చ ప్రజాస్వామ్యబద్ధంగా జరగాలన్నది నా పట్టుదల.

తెలియనివాళ్ల కోసం రోటరీ గురించి రెండు ముక్కలు. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ రోకలిలా పైకీ కిందకీ దంచుతుంటుంది. ఆ దంచుడుని తిప్పుడుగా మార్చడానికి కనెక్టింగ్ రాడ్లు, క్రాంకు, వాల్వులు, క్యాములు అంటూ పెద్ద ఉమ్మడి కుటుంబమే కావాలి. రోటరీకి ఆ సంసారం లేదు. వేరుశనక్కాయలా నడుం దగ్గర కాస్త నొక్కినట్టుండే గది, అందులో గిరగిరా తిరిగే లావుపాటి సమోసా, అంతే. సమోసా మూడు మూలలూ గోడని రాసుకుంటూ పోతుంటే, ఒక పక్క గాలీ పెట్రోలూ పీల్చుకోవడం, ఒక పక్క మండడం, ఇంకో పక్క పొగ వదలడం ఏకకాలంలో జరిగిపోతుంటాయి. సమోసా ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. 13బిలో ఒక్కొక్కటి 654 సీసీ చొప్పున రెండు సమోసాలు, మొత్తం 1308 సీసీ. మన ఊళ్లో ఊబర్ కింద తిరిగే కార్ల పాటి ఇంజిన్. అందులోంచి ఫ్యాక్టరీయే 255 హార్స్‌పవర్ తీసింది. నా పెద్ద టర్బోతో 400 వస్తాయని షాపువాడి మాట, నా నమ్మకం.

సమోసా మూలల్లో అపెక్స్ సీలు అనే పలక ఉంటుంది. మొన్న ఒకటి చేతిలో పెట్టుకుని చూశాను. రెండు మిల్లీమీటర్ల మందం, చూపుడు వేలంత పొడుగు, మా అమ్మాయి జడపిన్ను దీనికన్నా గట్టిగా కనిపిస్తుంది. ముప్ఫై వేల డాలర్ల ఖర్చు, వంశ గౌరవం, దాంపత్య జీవితం, అన్నీ ఇలాంటివి ఆరింటి మీద నిలబడతాయి. పెట్రోలు మిశ్రమం ఎక్కడైనా పలచబడి ఇంజిన్ ఒక్కసారి ‘టక్’మంటే ఇది విరుగుతుంది. విరిగిన ముక్క గౌరవంగా పక్కకి తప్పుకోదు. గోడంతా గీకి, ఎగ్జాస్టులోంచి దూకి, టర్బో రెక్కల్ని కూడా పలకరించి పోతుంది. షాపువాడు మొదట మూడు సమోసాల 20బి వేసుకోమన్నాడు. 1990లో వచ్చి, జపాన్‌లో మాత్రమే అమ్ముడైన యూనోస్ కాస్మో అనే మాజ్డా కారు ఇంజిన్ అది. దానికి సీళ్లు తొమ్మిది. నవగ్రహాలూ ఒకేసారి అనుకూలించే జాతకం కాదు నాదని సవినయంగా వద్దన్నాను. నేను దుబారా మనిషిని కానని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ ఇంజిన్ వంశచరిత్ర కూడా పెట్టుబడిదారుడు తెలుసుకోవలసిందే. దీన్ని కనిపెట్టిన ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మన్‌కి జన్మలో డ్రైవింగ్ లైసెన్సు లేదట. ఆయన మొదటి నమూనా 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో తిరిగింది. అందులో సమోసాతో పాటు గది కూడా తిరిగేది, స్పార్క్ ప్లగ్గు మార్చాలంటే ఇంజిన్ విప్పుకోవాలి. కంపెనీ ఇంజినీర్లు గదిని కదలకుండా బిగించి దాన్ని మనుషులు వాడేలా చేస్తే, నా పందెపు గుర్రాన్ని దుక్కి గుర్రం చేశారని ఆయన చిన్నబుచ్చుకున్నాడంటారు. నాకు ఆయన బాధ అర్థమైంది. ప్లగ్గులు సులువుగా మారే ఇంజిన్‌లో తపస్సేముంది?

అదే కంపెనీ 1967లో రో 80 అనే కారు తెచ్చింది. అందమైన కారు, యూరప్‌లో 1968 కార్ ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. తర్వాత సీళ్లు అరగడం మొదలైంది. వారంటీ కింద ఇంజిన్ల మీద ఇంజిన్లు మార్చి మార్చి కంపెనీ నీరసించి, 1969లో ఫోక్స్‌వ్యాగన్ నీడకి చేరింది. ఆ రోజుల్లో రో 80 ఓనర్లు రోడ్డు మీద ఎదురుపడితే చేతులు ఊపుకునేవారు కాదట, వేళ్లు చూపించుకునేవారట. ఎన్ని ఇంజిన్లు మారాయో అన్ని వేళ్లు. కొందరు విసిగిపోయి రోటరీ తీసేసి ఫోర్డ్ వారి వీ4 పిస్టన్ ఇంజిన్ వేయించుకున్నారు. పిరికివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

అమెరికా వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? జనరల్ మోటార్స్ 1970లో ఈ ఇంజిన్ లైసెన్సుకి 5 కోట్ల డాలర్లకి ఒప్పందం రాసుకుంది. ఆ ఇంజిన్ వస్తుంది కదా అని ఏఎంసీ అనే ఇంకో కంపెనీ పేసర్ అనే కారు గీసుకుని కూర్చుంది. పెట్రోలు సంక్షోభం వచ్చాక జనరల్ మోటార్స్ చేతులెత్తేసింది. ఏఎంసీ తన పాత పొడుగాటి ఆరు సిలిండర్ల ఇంజిన్‌ని ఆ పొట్టి కారులో కుక్కింది. పెళ్లికొడుకు రాలేదని పీటల మీద మేనమామని కూర్చోబెట్టినట్టు. వీళ్లందరి ఎక్సెల్ షీట్లూ నాకన్నా పెద్దవే అయ్యుంటాయన్నది నాకు కొండంత ధైర్యం.

నిలబడింది హిరోషిమాలోని మాజ్డా ఒక్కటే. గోడల మీద సీళ్లు గీసిన గాట్లకి వాళ్లు ‘దెయ్యం గోళ్లు’ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల ఇంజినీరు కెనిచి యమమోటో 47 మంది ఇంజినీర్లని పెట్టుకుని, ఆ దెయ్యాన్ని వదిలించి 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారు అమ్మాడు. 1991లో నాలుగు సమోసాల 787బి అనే రేసు కారు ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులో 24 గంటలూ పరిగెత్తి గెలిచింది. చివరి దఫా నడిపిన జానీ హెర్బర్ట్ దిగగానే సొమ్మసిల్లి పోడియం ఎక్కలేకపోయాడు. మనిషి పడిపోయాడు, ఇంజిన్ నిలబడింది. నా షీటులో ‘నమ్మకం’ అనే ట్యాబులో ఉన్న ఏకైక అంకె ఈ 24 గంటలే.

ఇక డబ్బు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో ఈబే లేదు. వాడిన 13బి ఇంజిన్ 6,000 డాలర్లు. దాన్ని విప్పి కొత్త సీళ్లు వేయడానికి 4,500. టర్బో, దాని సపరివారం 5,000. ఇంజిన్‌కి మెదడు పెట్టే కంప్యూటరు, వైరింగు 2,500. మియాటా గేర్‌బాక్సు ఈ బలానికి పప్పులో పళ్లు రాల్చుకుంటుంది కనుక వేరే గేర్‌బాక్సు, డ్రైవ్‌షాఫ్టు, డిఫరెన్షియల్ కలిపి 3,500. రేడియేటరు, ఆయిల్ కూలర్లు 1,500. మౌంట్లు, వెల్డింగు, మజూరీ 6,000. ఇంజిన్ బలం కొలిచే డైనో అనే యంత్రం మీద ట్యూనింగు 1,000. మొత్తం 30,000 డాలర్లు. కారు 6,500 అని ముందే మనవి చేశాను. ‘ఇతరాలు’ అనే గడి ఖాళీగా ఉంచాను. అది ఖాళీగా ఉన్నంతకాలం మొత్తం మారదు, అకౌంటింగులో ఇదొక మంచి సదుపాయం.

అంకెని అంకెలా చూస్తే భయమేస్తుంది, భాగిస్తే వేయదు. 140 నుంచి 400కి వెళ్తున్నాం, అంటే అదనంగా వచ్చేవి 260 గుర్రాలు. 30,000ని 260తో భాగిస్తే గుర్రానికి 115 డాలర్లు. టెక్సస్‌లో ఈ ధరకి కుంటి గుర్రం కూడా రాదు. ఇదే మాట ఆవిడతో అంటే, ‘గుర్రాలు గడ్డి తింటాయండీ, మీవి ఏం తింటాయి?’ అంది.

ప్రశ్న సాంకేతికమైనదే. ఇవి ప్రీమియం పెట్రోలు తింటాయి, బాగా తింటాయి, తోడుగా ఇంజిన్ ఆయిల్ కూడా తాగుతాయి. లీకయి కాదు. సీళ్లు ఎండిపోకుండా కొద్దికొద్దిగా ఆయిల్‌ని లోపలికి చుక్కలు వేసే పంపు ఫ్యాక్టరీయే పెట్టింది. రోటరీ భక్తులు అదీ చాలదని ఆ పంపు పీకేసి, ట్యాంకు నింపిన ప్రతిసారీ టూ-స్ట్రోక్ ఆయిల్ కొలిచి పెట్రోల్లో పోస్తారు. డిక్కీలో నేను కూడా ఒక డబ్బా, ఒక కొలత గ్లాసు సిద్ధం చేసుకున్నాను. గ్లాసు మాది కాదు, మా అమ్మాయి దగ్గు మందుది.

ఈ సంగతి గుంటూరులో మా నాన్నకి వీడియో కాల్‌లో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ‘అంటే మన బజాజ్ చేతక్‌కి బంకులో ఆయిల్ కొట్టించేవాళ్లం, అదేనా?’ అన్నాడు. దాదాపు అదే నాన్నా అన్నాను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి పది అడుగులు జరిపి ఆపేస్తే లోపల పెట్రోలు నిండి ఫ్లడ్ అయిపోయి మళ్లీ స్టార్ట్ కాదని కూడా చెప్పాను. ఆయన మొహం వెలిగింది. ‘ఏం లేదురా, ఇంజిన్ పక్కకి ఒకసారి వంచి కిక్ కొట్టు’ అన్నాడు. చేతక్ నుంచి నన్ను తప్పించడానికే ఆయన నాకు ఇంజినీరింగు చెప్పించాడు. పాతికేళ్లు, రెండు వీసాలు, ఒక గ్రీన్ కార్డు తర్వాత ముప్ఫై వేల డాలర్లు ఖర్చు పెట్టుకుని నేను మళ్లీ అక్కడికే చేరుతున్నాను.

చట్టం నాకు అనుకూలం. డాలస్ చుట్టుపక్కల 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో అయితే మార్చిన ఇంజిన్‌ని రిఫరీ అనే తనిఖీ అధికారి ముందు నిలబెట్టాలి, రోటరీ పొగని చూసి ఆయన ఏమంటాడో ఊహించనక్కర్లేదు. వాతావరణమే కాస్త అటూ ఇటూ. ఈ ఇంజిన్ ఒక్కసారి అతిగా వేడెక్కితే లోపలి నీళ్ల సీళ్లు పోతాయి, మళ్లీ విప్పుడే. ఆగస్టులో డాలస్ ఎండ సంగతి ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి బండి బయటికి తీసేది మేలో ఒకటి, అక్టోబర్లో రెండు వారాంతాలు. గుడికి తీసుకెళ్లి పూజ చేయిద్దామని ఫోన్ చేస్తే పూజారి గారు ‘కొత్త బండా?’ అన్నారు. పాత బండే, ఇంజిన్ కొత్తది అన్నాను. కొత్తదేనా అని రెట్టించారు. అదీ పాతదేనండీ అన్నాను. నిమ్మకాయలు కొంచెం ఎక్కువ తెచ్చుకోమన్నారు.

అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. పనిచేస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలి? ఈ మాట వేరే వృత్తి ఉన్నవాడిని అడగాలి. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగమే అది. ఎక్కడో ఒక బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా చప్పుడు చేయకుండా నడుస్తున్న సిస్టమ్ ఉంటుంది. దాన్ని పీకేసి, రెండింతలు వేగమైనదీ, రోజుకోసారి పడిపోయేదీ పెట్టడాన్ని మైగ్రేషన్ అంటారు. అది పడిపోయినప్పుడల్లా రాత్రి రెండింటికి లేచి నిలబెడతాను. దానికే జీతం, దానికే ఈ ఇల్లు, ఈ గరాజ్. అదే పని సొంత డబ్బుతో సొంత గరాజ్‌లో చేస్తానంటే పిచ్చి అంటారా? మా ఆవిడ కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే ఉంది. ఈ వాదన విని ఒక్క క్షణం ఆగింది. ‘ఆఫీసులో అయితే పాతదాన్ని ఆరు నెలలు పక్కనే ఉంచుతారు కదండీ, మీరేమో అమ్మకానికి పెట్టారు’ అంది.

నిజమే, పెట్టాను. ‘ఆదాయం’ ట్యాబులో ఏదో ఒకటి ఉండాలి కదా. పాత ఇంజిన్ 600 డాలర్లు.

శనివారం పొద్దున్నే ఒకాయన పికప్ వేసుకుని వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, మోచేతుల దాకా గ్రీజు మరకలు. ఇంజిన్ బయటికి తీయకముందు నేను తీసిన వీడియో ఫోన్లో పెడితే చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, త్యాగరాజ కృతి విన్నట్టు విన్నాడు. బేరం ఆడలేదు. ఆరు నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇద్దరం కలిసి హాయిస్టుతో ఎత్తుతుంటే అప్పుడు చూశాడు, మూలన స్టాండు మీద దుప్పటి కప్పుకున్న రోటరీని. దుప్పటి మడత కొంచెం ఎత్తి చూసి, టోపీ తీశాడు.

‘కొత్త సీళ్లా?’

‘కొత్తవే.’

మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. తనదీ మియాటాయేనన్నాడు. మాట కలపాలి కదా అని నేను అడిగాను, దాంట్లో ఉన్న ఇంజిన్‌కి ఏమైందని.

ఆయన జవాబు చెప్పలేదు. పట్టీలు బిగించాడు, బండెక్కాడు. వీధి మలుపు దగ్గర కిటికీ అద్దం దించి చేయి బయటికి పెట్టాడు. మూడు వేళ్లు.

వెనకాల గుమ్మంలో మా ఆవిడ కాఫీ గ్లాసుతో నిలబడి చూస్తోంది. ‘డబ్బులిచ్చేశాడు కదండీ, మళ్లీ ఆ మూడేంటి?’

‘బేరం’ అన్నాను.