పిల్లల బట్టలు కాదు, అప్పు వద్దని చెప్పండి

పేద కుటుంబాలు క్రిస్మస్‌కు కొత్త బట్టలు, కేకు మానుకుని ఆ డబ్బు దాచుకోవాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. మాది దేవరకొండ వైపు పల్లె. అమ్మానాన్నలు పత్తి ఏరడానికి కూలికి వెళ్లేవారు. ఏడాదిలో మాకు కొత్త బట్టలు కుట్టించేది ఆ ఒక్క పండుగకే. దర్జీకి కొలతలిచ్చి వచ్చిన రోజు నుంచి నిద్ర పట్టేది కాదు. దాన్ని దుబారా అంటే నా మనసు ఒప్పదు.

నన్ను బాధపెట్టేది అప్పు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే ఏడాదికి 3,600 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. కౌలు రైతుకు అదే డిసెంబరులో యాసంగి నారుకు, దుక్కికి కూడా డబ్బు కావాలి. అలాంటప్పుడు బంధువులందరికీ బిర్యానీ పెట్టాలని అప్పు చేయడం ఎందుకు?

మా అమ్మ జూన్ నుంచి వారానికి కొంత డబ్బు బియ్యం డబ్బాలో దాచేది. పోగైనంతే పండుగ. ఒక ఏడు కోడికూర కూడా లేదు, పప్పూ పాయసమే. నక్షత్రం మాత్రం వెదురు పుల్లలు, రంగు కాగితాలతో మేమే కట్టాం.

ఇంకొక్క మాట: కానుకలు ఎవరెంత ఇచ్చారో చర్చిలో పేర్లతో చదవడం మానేస్తే చాలా ఇళ్లకు ఊపిరి ఆడుతుంది. పాస్టర్లు దయచేసి ఆలోచించాలి.