ఈ సంక్రాంతికి తాళాలు తీసే పనిముట్లు తెచ్చుకోండి

ఒడిశాలోని మా బరంపురం తెలుగు వీధుల్లో నడిస్తే, కొడుకో కోడలో విదేశంలో కంప్యూటర్ భద్రత ఉద్యోగం చేస్తున్న ఇళ్లు చాలానే తగులుతాయి. బ్యాంకులకు, పెద్ద పెద్ద కంపెనీలకు కాపలా కాయడం వాళ్ల పని. అదే ఇంట్లో, వాళ్లు కొనిచ్చిన టీవీ ముందు కూర్చున్న తల్లికి ఎవడో ఫోను చేస్తాడు. "అమ్మా, మీ పింఛను ఆగిపోతోంది, ఇప్పుడు మీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి" అంటాడు. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని మరీ చెబుతుంది. ఊరందరి ఖజానాలకూ కాపలా కాసేవాళ్ల ఇంటికే గడియ లేదు. మాట నిష్ఠూరంగా ఉంటే ఉండనివ్వండి. సంపాదకులు నన్ను రాయమన్నది పొగడ్తలు కాదు.

విదేశాల్లో ఉన్న మిమ్మల్ని నేను అడగబోయేది డబ్బు కాదు. కల్యాణ మండపానికీ గుడి గోపురానికీ ఉగాది పురస్కారాలకూ మీ సంఘాలు ఇస్తూనే ఉన్నాయి, సంతోషం. ఈసారి రెండు రోజులు ఇవ్వండి. సంక్రాంతికి వచ్చినప్పుడు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక శని, ఆదివారాల్లో హ్యాకర్ల సమావేశం పెట్టండి. అవును, హ్యాకర్లదే, అంటే తాళాల్లో, యంత్రాల్లో లోపాలు వెతికి చూపించేవాళ్లదే. అవగాహన సదస్సు అని పేరు పెట్టి, జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, నాలుగు ఉపన్యాసాలతో ముగించేది వద్దు. అవి మాకు కొత్త కాదు. పెద్దలు చప్పట్లు కొట్టి, భోజనం చేసి, ఇంటికి వెళ్లి ఎప్పటిలాగే అంకెలు చెప్పేశారు.

నేను కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాను. కిందటి ఏడాది హైదరాబాదులో ఒక చిన్న హ్యాకర్ల సమావేశం జరుగుతోందని తెలిసి మిత్రులను వెంటబెట్టుకుని వెళ్లాను. వాళ్లలో ఒక్కరికీ ఈ వృత్తితో సంబంధం లేదు. ఒకాయన పర్లాకిమిడిలో దస్తావేజులు రాస్తాడు. ఇంకొకతను గుణుపురం దగ్గర బ్యాంకు తరఫున వేలిముద్రల యంత్రం పట్టుకుని ఊళ్లలో డబ్బు ఇస్తాడు. మూడో ఆయన మాకు తెలుగు చెప్పిన మాస్టారు, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. ఫలక్‌నుమా ఎక్కింది మొదలు మాస్టారు ఒకటే ప్రశ్న: "పోలీసులు వస్తే నన్ను ఏమని పరిచయం చేస్తావు?"

ఇటువంటి చోటికి వృత్తి తెలియని మిత్రులతో వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. తెలిసినవాళ్లతో వెళితే అందరం ఒకే గదిలో కూర్చుని ఒకే ఉపన్యాసానికి తలలూపి వస్తాం. వేదిక మీది ప్రసంగాలను తర్వాత వీడియోలో చూసుకోవచ్చు. అసలు సరుకంతా బయట వరండాలో, బల్లల దగ్గర ఉంటుంది.

మొదటి బల్ల మీద తాళాలు. ఇంటర్ చదివే వయసున్న ఒక అమ్మాయి మాస్టారి చేతిలో అద్దంలాంటి ప్లాస్టిక్ తాళం పెట్టింది. లోపల వరుసగా చిన్న పిన్నులు, వాటిని నొక్కిపట్టే స్ప్రింగులు బయటికే కనిపిస్తున్నాయి. వంచిన ఇనుప పుల్లతో తాళాన్ని కొద్దిగా తిప్పి పట్టుకోవాలి. రెండో పుల్లతో పిన్నులను ఒక్కొక్కటే ఎత్తాలి. ఏ తాళమైనా తయారీలో వెంట్రుకవాసి తేడాలు మిగిలిపోతాయి కాబట్టి పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఒకదాని తర్వాత ఒకటి లొంగుతాయి. కాసేపటికి మాస్టారి చేతిలో తాళం తెరుచుకుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి మా ఇంటికి వేసి వచ్చింది?" అన్నారు. "అది దీనికన్నా సులువై ఉంటుంది, తాతగారూ" అందా అమ్మాయి. ఆ రాత్రి ఆయన తమ్ముడికి ఫోను చేసి వెళ్లి ఇంట్లో పడుకోమన్నారు.

ఆఫీసు తలుపులకు చూపించే కార్డును క్షణాల్లో నకలు తీయడం, రైల్వే స్టేషన్ పేరుతో దొంగ వైఫై పెట్టి ఫోన్లను రప్పించుకోవడం, ఇవన్నీ కూడా చూశాం. తెలిసిన విషయాలే, వాటిని వదిలేస్తాను. చెప్పాల్సింది వేలిముద్రల బల్ల గురించి.

జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అని 1981లో పుట్టిన హ్యాకర్ల సంఘం ఉంది. వేలిముద్రల మీద ప్రభుత్వానికి అంత నమ్మకం వద్దని వాళ్లు మొత్తుకున్నారు. వింటేనా? 2008లో ఆ దేశ హోం మంత్రి వోల్ఫ్‌గాంగ్ షాయిబ్లే ఒక సభలో నీళ్లు తాగిన గ్లాసు మీది వేలిముద్రను సేకరించి, తమ పత్రికలో అచ్చువేసి, వేలికి అంటించుకునేందుకు వీలుగా పల్చని పొర చేసి మరీ పాఠకులకు పంచారు. ఐఫోనుకు వేలిముద్ర తాళం వచ్చింది 2013లో. కొద్ది రోజులకే ఆ క్లబ్బు మనిషి ఫోటో, పారదర్శక ఫిల్ము, జిగురులాంటి చవక సామగ్రితో దాన్ని తెరిచి చూపించాడు. ఇవన్నీ బాహాటంగా జరిగినవే.

ఇక మన దగ్గరికి రండి. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒక దుకాణదారు దొరికిపోయాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి పత్రాల నుంచి జనం వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో దొంగ వేళ్లు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు క్రియాశీలం చేశాడు. అమ్మకాల లక్ష్యం చేరుకోవడానికట! అంటే జర్మనీ హ్యాకర్లు లోకానికి చూపించిన పదేళ్లకు మన ప్రభుత్వ వెబ్‌సైటు ఆ పనికి ముడిసరుకు అందించింది. ఆ తర్వాత సిలికాన్ వేళ్లతో పేదల బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన కేసులు పలు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. ఆధార్‌తో డబ్బు తీసుకునే పద్ధతిలో ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే సరిపోతుంది. కార్డు అక్కర్లేదు, ఫోనుకు అంకెలూ రావు. ఆధార్ సంస్థ 2023లో, యంత్రం మీద పెట్టింది ప్రాణమున్న వేలేనా అని చూసే తనిఖీని చేర్చింది. మంచిదే, కాస్త ఆలస్యమైనా.

ఈ కథంతా ఆ బల్ల దగ్గర విన్నాక మా దస్తావేజుల మిత్రుడు చాలాసేపు పలకలేదు. చివరికి అన్నాడు: "జీవితమంతా జనం బొటనవేళ్లు సిరాలో ముంచి కాగితాల మీద పెట్టించాను. ఆ కాగితాలు జెరాక్సు దుకాణాల్లో ఎన్ని పడి ఉన్నాయో!" ఇప్పుడు ఆయన చెడిపోయిన నకళ్లు ఒక్కటి కూడా దుకాణంలో వదలడు, చింపి వెంట తీసుకుపోతాడు. ఏ ఉపన్యాసమూ ఆయన చేత ఈ పని చేయించలేదు. జిగురు వేలితో యంత్రం తెరుచుకోవడం కళ్లారా చూశాడు, అంతే.

గుణుపురం కుర్రాడు మాత్రం అక్కడి నిపుణులను ఇరకాటంలో పెట్టాడు. ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకోండి, యాప్‌లోనే సదుపాయం ఉంది అని వాళ్లు తేలిగ్గా చెప్పారు. "మా కొండ ఊళ్లలో సవర ముసలివాళ్లకు రేషను బియ్యం ఆ వేలిముద్రతోనే ఇస్తారు. తాళం వేస్తే దొంగకు డబ్బు రాదు నిజమే, ముసలాయనకు బియ్యమూ రావు. అవసరమైనప్పుడు తీసి మళ్లీ వేసుకోవడానికి ఆయన దగ్గర స్మార్టు ఫోను లేదు" అన్నాడు. సమాధానం లేదు. అయితే ఒకరిద్దరు నోటు పుస్తకాలు తీసి రాసుకున్నారు. మీలాంటి నిపుణులు మా మధ్యకు రావాలని నేను పట్టుబట్టడానికి సగం కారణం ఇదే. నేర్చుకోవలసింది మేమొక్కరమే కాదు.

దొంగలకు విద్య నేర్పుతారా అని మా ఊళ్లో అప్పుడే అడిగారు. ఈ ప్రశ్న నూట డెబ్బై ఏళ్ల కిందటే వచ్చింది. లండన్‌లో బ్రామా కంపెనీ తమ తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని సవాలు చేసింది. అరవై ఏళ్లపాటు ఎవరూ గెలవలేదు. 1851లో లండన్ మహా ప్రదర్శన సందర్భంగా ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 50 గంటలకు పైగా కుస్తీపట్టి దాన్ని తెరిచాడు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. అయినా, గుట్టు దాచినంత కాలం నిశ్చింతగా ఉన్నది తాళం కొన్నవాళ్లే కానీ దొంగలు కాదు. మా తల్లులకు ఫోను చేసేవాడు తన విద్య మన సమావేశానికి వచ్చి నేర్చుకోనక్కర్లేదు, ఆ పనికి వాడికి జీతం కూడా ముడుతోంది.

చట్టం భయం మాత్రం ఉండాల్సిందే. అనుమతి లేకుండా దురుద్దేశంతో ఎవరి కంప్యూటర్‌లో చొరబడినా ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఉద్దేశం మంచిదైనా చిక్కులు తప్పవు. హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్ 2010లో ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి ఓటింగ్ యంత్రం లోపాలను చూపించారు. ఎన్నికల సంఘం ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నిస్తూ పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. అదే ఏడాది అమెరికాలో ఒక పౌరహక్కుల సంస్థ ఆయనకు పురస్కారం ఇచ్చింది. ఎవరిది ఒప్పన్నది మీరు తేల్చుకోండి. మన సమావేశంలో మాత్రం మన సొంత తాళాలు, మన పాత ఫోన్లు, మనమే పెట్టుకున్న వైఫై, వీటి జోలికే పోదాం. పోలీసులను ముందే పిలుద్దాం. కేరళలో కోకాన్ అనే సమావేశాన్ని ఏటా నిర్వహించేవారిలో ఆ రాష్ట్ర పోలీసులే ఉన్నారు. అక్కడ కుదిరినది మా గంజాం జిల్లాలో ఎందుకు కుదరదు?

ఇంత తతంగం మా చేతనవుతుందా అనుకోకండి. లాస్ వేగాస్‌లో ఏటా వేలమంది చేరే డెఫ్‌కాన్ 1993లో మొదలైన తీరు వింటే నవ్వొస్తుంది. జెఫ్ మాస్ అనే కుర్రాడు ఒక స్నేహితుడికి వీడ్కోలు విందు తలపెట్టాడు. ఆ స్నేహితుడు అనుకున్నదానికన్నా ముందే వెళ్లిపోయాడు. విందు ఎందుకు మానాలని తెలిసిన హ్యాకర్లందరినీ పిలిచాడు, వందమంది వచ్చారు. అక్కడ డబ్బు చేతికిచ్చి, పేరు చెప్పకుండానే లోపలికి వెళ్లవచ్చు. ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా, ఆధార్‌లో మరోలా ఇంటిపేరు మోస్తూ తిరిగే మా సరిహద్దు జనానికి ఇంతకన్నా హాయి ఏముంది!

మా ఊళ్లకు ప్రత్యేకంగా ఇది ఎందుకంటారా? హెచ్చరికలు మాకు చేరవు కాబట్టి. బ్యాంకు సందేశం ఇంగ్లీషులో వస్తుంది, పోలీసుల గోడపత్రిక ఒడియాలో ఉంటుంది. మా పెద్దతరం ఆడవాళ్లు ఒడియా ధారాళంగా మాట్లాడతారు, చదవలేరు. పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కాబట్టి ఏ లిపిలో కరపత్రం వేసినా ఇంట్లో సగం మందికి అది బొమ్మే. మోసగాడికి ఈ బాధ లేదు, వాడు నోటితో పని చేసుకుంటాడు. పైగా ఒడిశాలో ఉన్న ముసలావిడకు ఫోనులో స్వచ్ఛమైన తెలుగు వినపడితే, "ఏ ఊరు బాబూ మీది?" అని తనే అడుగుతుంది. ఇక వాడికి కావలసిందేముంది? పోలీసులమని ఫోనులో బెదిరించి మనిషిని ఇంట్లోనే కట్టిపడేసే డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి స్వయంగా రేడియోలో చెప్పారు. మా వీధిలో ఆ తర్వాత కూడా ఒకాయన తలుపులు వేసుకుని ఫోను ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

అందుకే సమావేశంలో తాళాల బల్ల పక్కన ఒక ఫోను గది కూడా ఉండాలి. డెఫ్‌కాన్‌లో పోటీదారుని గాజు గదిలో కూర్చోబెట్టి, జనం చూస్తుండగా కంపెనీలకు ఫోను చేయించి, మాటలతోనే వివరాలు రాబట్టే పోటీ ఏళ్లపాటు నడిచింది. మనం దాన్ని ఇంటి పోటీగా మార్చుకుందాం. మనవడు మోసగాడు, బామ్మ గృహస్తు. మనవడు ఒడియాలో, హిందీలో, తెలుగులో ఎన్ని వేషాలు వేసినా బామ్మ అంకెలు చెప్పకుండా నిలబడాలి. ఓడిపోతే అక్కడే ఎలా ఓడిందో చూపించాలి. ఆ తర్వాత సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు ఎలా చేయాలో, ఏ వివరాలు దగ్గర పెట్టుకోవాలో ఆవిడ చేతనే సాధన చేయించాలి. డబ్బు పోయాక మొదటి గంటలే ముఖ్యం. అప్పుడు కొడుకుకు ఫోను చేసి ఏడుస్తూ కూర్చుంటే, అక్కడ అర్ధరాత్రి, వాడు ఎత్తడు.

వచ్చేవారికి కొన్ని షరతులు ఉన్నాయి. స్లయిడ్లు వద్దు. మీ కంపెనీ చొక్కాలు వద్దు. పిల్లలను తీసుకురండి, పర్లాకిమిడి, గుణుపురం ఇంజనీరింగ్ విద్యార్థులతో వాళ్లకు జోడీ కుదురుతుంది. తాళాలు తీసే పుల్లలు, కార్డులు చదివే పరికరం, మీరు వాడేసి పక్కన పడేసిన ఫోన్లు తెచ్చుకోండి. జిగురు ఇక్కడే దొరుకుతుంది. ఒక బల్ల దగ్గర మాస్టారు కూర్చుంటానంటున్నారు, అలీగఢ్ తాళాలు ఆయన ఇప్పటికే కొని పెట్టారు. భోజనాలు మావి. పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మండపాలు ఖాళీగానే ఉంటాయి, అద్దె బేరమాడితే తగ్గుతుంది. దసరా లోపల ఎంతమంది వస్తారో చెబితే చాలు.