ఫ్రేమ్‌వర్క్‌లు బట్టీ పడితే ఎకనామిక్ కన్సల్టింగ్ కేసు గట్టెక్కుతుందా?

ఒక సమస్య ఇచ్చి అభ్యర్థి దాన్ని ఎలా విప్పుతాడో చూసేదే కేస్ ఇంటర్వ్యూ. దాని గురించి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "కేస్ ఇంటర్వ్యూ ఎక్కడైనా ఒకటే. మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే సమస్యను ముక్కలుగా విడగొట్టే రెడీమేడ్ చార్టులు, చకచకా నోటి లెక్కలు, చివర్లో తడబడకుండా ఒక సిఫార్సు. ఎకనామిక్ కన్సల్టింగ్‌కీ ఇవే చాలు." ఆలోచనను పైకి చెప్పడం అలవాటవుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. మిగతాది నమ్మితే మొదటి ప్రశ్నకే బోల్తా పడతారు.

ముందుగా "ఎక్కడైనా ఒకటే" అన్న మాట. నెరా, కార్నర్‌స్టోన్ రీసెర్చ్, అనాలిసిస్ గ్రూప్ లాంటి ఎకనామిక్ కన్సల్టింగ్ సంస్థల పనిలో పెద్ద భాగం కోర్టు వివాదాలు, విలీనాలపై విచారణలు. సాక్ష్యం చెప్పేది నిపుణుడైన ఆర్థికవేత్త. వెనక డేటాతో కుస్తీ పట్టేది ఈ టీములు. అందుకే లాభం ఎలా పెంచాలని అడగడం తక్కువ. నష్టం ఎంత, దాన్ని ఎలా రుజువు చేస్తారనేదే ఎక్కువ.

ఇక ఫ్రేమ్‌వర్క్‌లు. కంపెనీలు కుమ్మక్కై ధర పెంచాయనుకుందాం. అంతకుముందు 100, కుమ్మక్కు కాలంలో 120. కొనుగోలుదారుకు యూనిట్‌కు 20 నష్టమని రాసేస్తే పని అయిపోయినట్టేనా? అదే సమయంలో ముడిసరుకు ఖరీదై, దానివల్లే ధర 8 పెరిగి ఉంటే మిగిలేది 12. అసలు ప్రశ్న ఇదీ: కుమ్మక్కే లేకపోతే ధర ఎంత ఉండేది? పోనీ, కుమ్మక్కు బయటపడ్డాక ఉన్న ధరతో పోలుద్దామా? ధరలు వెంటనే దిగిరాకపోవచ్చు. అప్పుడు నష్టం ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. ఈ మెలిక ఏ రెడీమేడ్ చార్టులోనూ దొరకదు.

నోటి లెక్కల వేగమా? నాలుగు కంపెనీల వాటాలు 40, 30, 20, 10 శాతం అయితే హెచ్‌హెచ్‌ఐ సూచీ (మార్కెట్ ఎంత కొద్దిమంది చేతుల్లో ఉందో చూపేది), అంటే ఒక్కో వాటాను దానితోనే గుణించి కలిపిన మొత్తం, 3000. చిన్నవి రెండూ కలిస్తే 3400. అమెరికా 2023 విలీన మార్గదర్శకాల ప్రకారం సూచీ 1800 దాటి, పెరుగుదల 100 మించితే పోటీకి దెబ్బ అని ప్రాథమికంగా భావిస్తారు. లెక్క ఇంతే, కాగితం మీద వేసుకున్నా ఎవరూ ఏమనరు. ఆ వాటాలు ఏ మార్కెట్‌లోవి? ధర 5 శాతం పెంచితే కొనేవాళ్లు ఎటు పోతారు? అభ్యర్థి నీళ్లు నమిలేది ఇక్కడే.

తడబడని సిఫార్సు సంగతి సరేసరి. ఎదుటి పక్షం లాయరు మీ అంచనాలో లొసుగు వెతుకుతాడు. దాన్ని మీరే ముందు పట్టుకుంటే మంచిది. "ఈ డేటాతో ఇంతవరకే చెప్పగలను" అనడం ఇక్కడ బలహీనత కాదు.

ఆ సలహాలో ఊసే లేనిది ఎకనోమెట్రిక్స్, అంటే డేటాతో ఆర్థిక సంబంధాలను అంచనా వేసే గణాంక పద్ధతులు. రెజ్యూమెలో ప్రాజెక్టు రాశారంటే దాని మీద ప్రశ్నలు పడతాయి: ఈ వేరియబుల్ ఎందుకు పెట్టారు, ఏది వదిలేశారు, వదిలేసినందుకు గుణకం (ఒక వేరియబుల్ ప్రభావం ఎంతో చెప్పే అంకె) ఎటు జరుగుతుంది? ఫ్రేమ్‌వర్క్‌లకు కేటాయించిన సాయంత్రాల్లో సగం ఆ గుణకాలుండే మీ సొంత రిగ్రెషన్ టేబుల్‌ ముందు కూర్చోండి.