తమరి గాజు ముఖారవిందానికి ఓ విన్నపం

మహారాజశ్రీ గేమింగ్ కంప్యూటర్ క్యాబినెట్ గారి దివ్యసముఖమునకు,

విషయం: తమరి ముందు గాజు పలక తొలగింపు గురించి.

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాం. నిజానికి తమరి పొట్టలో ఉన్న రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఏమంత కుశలంగా లేదు. దానికి తయారీదారు ఏఎండీ గీసిన లక్ష్మణరేఖ 90 డిగ్రీలు. నడివేసవి మధ్యాహ్నం, గది 40 దాటిన వేళ, నాలుగు నిమిషాలు వీడియో రెండర్ పెడితే చాలు, అది ఆ రేఖ అంచుకు చేరి, అక్కడి నుంచి తన వేగం తనే కోసుకుంటుంది. ఆ సమయంలో కూడా తమరు ముందు మూడు ఫ్యాన్లకు ఏడు రంగులు పూసి పెళ్ళిపందిరిలా వెలుగుతూనే ఉంటారు. పైన పటారం లోన లొటారం అనే మాట తమరిని చూడకుండానే పుట్టిందంటే ఆశ్చర్యమే.

తమరి మీద నింద మోపే ముందు లెక్క చూపించడం ధర్మం. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ రెక్కలు తిరిగే వృత్తం వైశాల్యం 113 చదరపు సెంటీమీటర్లు. నడుమ మోటారు ఉండే గుండ్రటి భాగం తీసేస్తే గాలి నడిచే చోటు సుమారు వంద. మూడు ఫ్యాన్లకు మూడు వందలు. ఇప్పుడు తమరి ముఖం చూద్దాం. ఎత్తు 40 సెంటీమీటర్లు. గాజుకూ లోపలి చట్రానికీ మధ్య రెండు పక్కలా అర సెంటీమీటరు చీలిక. పక్కకు 20 చొప్పున మొత్తం 40 చదరపు సెంటీమీటర్లు. అంటే మూడు ఫ్యాన్లు పీల్చాల్సిన గాలికి తమరు వదిలిన దారి ఏడెనిమిదో వంతు. ఆ చీలిక మీద మళ్ళీ ఒక డస్ట్ ఫిల్టర్! దాని మీద నెల తిరగకుండానే దుమ్ము పొర!

దీని పర్యవసానం గాలి తగ్గడంతో ఆగదు. ఫ్యాన్‌కు బయటి గాలి అందకపోతే అది ఊరుకోదు, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి లాగుతుంది. ఫ్యాన్ చట్రం పక్కన, ఖాళీగా ఉన్న డ్రైవ్ బేల దగ్గర, వైర్లు దూర్చే కంతల దగ్గర ఉన్న సందుల్లోంచి లోపలి వేడి గాలే గాజు వెనకకు వచ్చి, మళ్ళీ అదే ఫ్యాన్‌లోకి పోతుంది. ఎగ్జాస్ట్ అయిపోవాల్సిన గాలి తమరి మూతి చుట్టూ ప్రదక్షిణ చేస్తుందన్నమాట. ఫ్యాన్ వేగం పెంచితే ప్రదక్షిణ వేగం పెరుగుతుంది, గోల పెరుగుతుంది, అంతే.

నమ్మకం కుదరకపోతే పరీక్ష సులువు. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్‌కు నిండా పని పెట్టే సినీబెంచ్ ఆర్23ని దాని మామూలు పది నిమిషాల పద్ధతిలో నడిపి, చివరి ఉష్ణోగ్రత రాసుకోవాలి. తర్వాత తమరి ముఖం ఊడదీసి, పావుగంట చల్లారనిచ్చి, అదే పరీక్ష మళ్ళీ. గది ఉష్ణోగ్రత రెండుసార్లూ చూసి, ప్రాసెసర్ అంకెలోంచి దాన్ని తీసేసి పోల్చాలి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చేసి తేడా వచ్చిందనుకుంటే అది ఎండ తేడా. ముఖం తీయగానే ఐదు డిగ్రీలకు మించి దిగిందంటే దోషి ఎవరో తేలిపోయినట్టే. ప్రాసెసర్‌ను నీళ్ళతో చల్లబరిచే వాటర్ కూలర్ కొనే డబ్బు అప్పటికి జేబులోనే ఉంచుకోవచ్చు.

శిక్ష కూడా మేం దయతోనే వేస్తున్నాం. తమరి గాజు నాలుగు మూలలా స్క్రూలతో బిగించి ఉంటే, వాటి కింద పొడవు స్టాండాఫ్‌లు (ఎడం ఉంచే చిన్న స్తంభాలు) పెట్టి పలకను ముందుకు జరపడం ఒక దారి. చీలిక రెండు సెంటీమీటర్లయితే దారి 160 అవుతుంది, సగం దాటినట్టే. అందం పోదు, ఊపిరి వస్తుంది. రెండో దారి, గాజు పూర్తిగా తీసేసి అయస్కాంతం పట్టీ ఉన్న ఫిల్టర్ గానీ, కిటికీలకు కొట్టే దోమతెర జాలి గానీ బిగించడం. దోమతెర సన్న దుమ్మును ఆపలేదు గానీ వెంట్రుకలను, బొద్దింకలను, బల్లులను ఆపుతుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి దూరితే ఏమవుతుందో చూసినవాళ్ళు దోమతెరను తక్కువ చేసి మాట్లాడరు. ఇంకా కొననివాళ్ళకు ఈ తంటా అక్కర్లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ "ముందు మెష్ ఉన్నది చూపించండి" అంటే చాలు.

ఇక తమరు కట్నంగా తెచ్చుకున్న ఆ ఉచిత ఫ్యాన్ల సంగతి. మదర్‌బోర్డుతో వాటికి మాటల్లేవు. నాలుగు లావు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌తో నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగులుకుంటాయి. అందులో పసుపు తీగ 12 వోల్టులు. అది ఉన్నంతసేపూ అవి ఒకే వేగంతో తిరుగుతాయి, మనం ఆట ఆడుతున్నా అన్నం తింటున్నా. వీటి స్థానంలో మదర్‌బోర్డు చెప్పిన వేగంతో తిరిగే నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు రావాలి. ఆర్కిటిక్ పీ12 లాంటిది చాలు. నాక్టువా ఏ12x25 ఇంకా మంచిదే, ధర చూసి కళ్ళు తిరగకపోతే. ఫిల్టర్ వెనక పెట్టే ఫ్యాన్‌కు స్టాటిక్ ప్రెషర్, అంటే అడ్డు ఉన్నా గాలిని తోసే బలం, ఎక్కువ ఉండాలి. పెట్టె మీద గాలి పరిమాణం అంకె ఒక్కటే చూసి కొంటే జాలి ఎదురయ్యేసరికి అది చతికిలబడుతుంది.

మదర్‌బోర్డు మీద ఫ్యాన్ తగిలించే పిన్నుల గుంపును హెడర్ అంటారు. అది ఒక్కోటి మామూలుగా ఒక ఆంపియర్ వరకు మోస్తుంది. ఫ్యాన్ మీద స్టిక్కర్‌లో ఆంపియర్లు రాసి ఉంటాయి. ఒక హెడర్‌కు పలు ఫ్యాన్లు తగిలించే స్ప్లిటర్‌తో కలిపేవన్నీ కూడితే ఆ ఒకటికి బాగా తక్కువ ఉండాలి, ఎందుకంటే తిరగడం మొదలెట్టే క్షణంలో ఇంకాస్త ఎక్కువ లాగుతాయి. స్ప్లిటర్‌లో ఒక్క కొమ్మకే వేగం చెప్పే మూడో పిన్ ఉంటుంది, మిగతావాటికి లేకపోతే అది లోపం కాదు. అసలు ప్రమాదం లైట్ల తీగ దగ్గరుంది. రంగుల లైట్లలో ఏఆర్‌జీబీ మూడు పిన్నులది 5 వోల్టులు, పాత ఆర్‌జీబీ నాలుగు పిన్నులది 12 వోల్టులు. మొదటిదాన్ని బలవంతాన రెండోదాంట్లోకి తోస్తే తమరి పెళ్ళిపందిరి ఆరిపోతుంది, మళ్ళీ వెలగదు.

దిక్కు విషయంలో తమరి అక్కాచెల్లెళ్ళు, ఆ అక్వేరియం తొట్టి మార్కు క్యాబినెట్లు, చేసిన ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. ఫ్యాన్‌లో అందంగా కనిపించే తెరిచిన వైపు గాలి పీల్చే వైపు. మోటారును పట్టి ఉంచే అడ్డకడ్డీలు, స్టిక్కర్ ఉన్న వైపు గాలి వదిలే వైపు. అడుగునా పక్కనా ఫ్యాన్లు బిగించి, అందమైన ముఖం గాజులోంచి కనబడాలని లోపలికి తిప్పితే, అవి లోపలి గాలిని బయటికి నెట్టేస్తాయి. వెనకది బయటికి, పైవి బయటికి, అడుగువి కూడా బయటికే. గ్రాఫిక్స్ కార్డుకు ఇక చల్లటి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సొగసు తప్పదంటే రెక్కలు ఎదురు తిప్పిన రివర్స్ ఫ్యాన్లు విడిగా దొరుకుతాయి. అన్నీ బిగించాక అగరుబత్తి వెలిగించి ఒక్కో ఫ్యాన్ ముందు పట్టుకుంటే పొగే చెబుతుంది ఏది పీలుస్తోందో ఏది వదులుతోందో.

మా పొందిక ఇది: ముందు మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి. ఇంకొకటి చేతిలో ఉంటే పైన వెనక మూలన బయటికి. పైన ముందు మూలన మాత్రం వద్దు. ముందు నుంచి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ దాకా చేరకుండానే అది ఎగరేసుకుపోతుంది. లోపలికి వచ్చేది బయటికి పోయేదాని కంటే కాస్త ఎక్కువగా ఉంటే, దుమ్ము ప్రతి సందులోంచీ కాకుండా ఫిల్టర్ల గుండానే రావాల్సి వస్తుంది.

ఇప్పుడు ప్రాసెసర్ నెత్తినున్న, దానితో పాటే వచ్చిన కూలర్ రెయిత్ స్టెల్త్. అది చెడ్డది కాదు, చిన్నది. 65 వాట్ల ప్రాసెసర్ అని పేరే గానీ 5600 నిండా పనిలో ఉంటే 76 వాట్ల దాకా తాగుతుంది. గది 25 డిగ్రీలుంటే ఆ అల్యూమినియం ముద్ద ఎలాగో నెట్టుకొస్తుంది. గాలితో చల్లబరిచే ఏ కూలరూ గది కంటే చల్లగా చేయలేదు. గది 17 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు 17 పెరుగుతుంది. అందుకే ఇంగ్లండులో కూర్చుని రాసిన రివ్యూలో 70 అన్నది రామగుండంలోనో రెంటచింతలలోనో రేఖ తాకుతుంది.

దాని బదులు దీపకూల్ ఏకే400 కూలర్ గానీ థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ గానీ ఈ ప్రాసెసర్‌కు ధారాళం. రెండూ 155 మిల్లీమీటర్ల ఎత్తు. తమరి వెడల్పు ఒప్పుకుంటుందో లేదో స్పెసిఫికేషన్‌లో కూలర్ ఎత్తు పరిమితి చూసి మరీ కొనాలి. లేదంటే పక్క గాజు మూసుకోదు, తమరికి రెండో ముఖం కూడా పోతుంది.

పాత కూలర్ తీయడంలోనే అసలు అపాయం. ఈ 5600 లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్‌కు పిన్నులు దాని అడుగునే ఉంటాయి. కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య వేడి దాటించే పేస్ట్ ఎండిపోయి జిగురులా పట్టేస్తే, కూలర్‌ను నిలువునా పైకి లాగినప్పుడు సాకెట్ లివర్ మూసి ఉన్నా ప్రాసెసర్ ఊడి దాంతో వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కాబట్టి ముందు పది నిమిషాలు బరువు పని పెట్టి వేడెక్కించాలి. తర్వాత ఆపేసి, కరెంటు తీగ పీకి, స్క్రూలు విప్పి, కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాలి. అది జారడం మొదలెట్టాకే ఎత్తాలి. ఇంకో మాట: నాలుగో స్క్రూ ఊడిన క్షణాన మదర్‌బోర్డు వెనక ఉన్న బ్యాక్‌ప్లేట్ టప్పున కింద పడుతుంది. క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, వెనక నుంచి ఒక చేత్తో దాన్ని పట్టుకోవాలి. కొత్త కూలర్ దాన్నే వాడుకుంటుంది.

పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది నడిమధ్య చిన్న బఠాణీ గింజంత పెడితే చాలు. వేలితో పూయొద్దు. కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీశారా? తీయకుండా బిగించి, కూలర్ పనికిరానిదని తిట్టేవాళ్ళకు కొదవ లేదు. స్క్రూలు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ రెండేసి చుట్లు బిగించుకుంటూ పోవాలి. ఫ్యాన్ తీగ సీపీయూ_ఫ్యాన్ హెడర్‌కే తగిలించాలి, ఆ హెడర్ ఖాళీగా ఉంటే చాలా బోర్డులు మొదట్లోనే ఎర్రర్ చూపి ఆగిపోతాయి.

బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ఫ్యాన్ కర్వ్, అంటే ఏ వేడికి ఎంత వేగమో చెప్పే గీత, దిద్దకపోతే ఇంత చేసీ ప్రశాంతత ఉండదు. రైజెన్ వేడి బ్రౌజర్ తెరిస్తేనే క్షణంలో పది డిగ్రీలు ఎగిరి వెంటనే దిగుతుంది. ఫ్యాన్ దాని వెంటపడితే రోజంతా ఉస్సురుస్సురంటూనే ఉంటుంది. స్టెప్ అప్ టైమ్ అనో స్మూతింగ్ అనో పేరున్న చోట కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాలి. 60 డిగ్రీల దాకా 40 శాతం, 75కి 60, 85కి నూరు అని మొదలెట్టి చెవికి తగ్గట్టు సవరించుకోవచ్చు. 1200 ఆర్‌పీఎం నుంచి 900కు దించితే గాలి పావు వంతు తగ్గుతుంది గానీ మోత సుమారు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. ముందు ఫ్యాన్లు గ్రాఫిక్స్ కార్డు వేడిని బట్టి తిరిగితే ఇంకా మేలు. బయోస్‌కు సాధారణంగా ఆ అంకె తెలియదు కాబట్టి విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలి.

వాటర్ కూలర్ పెడితే ఈ గొడవలన్నీ పోతాయని తమరి తరఫు వకీళ్ళు అంటారు. దాని నీళ్ళు చల్లారే రేడియేటర్ పెట్టేది ఆ గాజు వెనకే కదా! గాలి ఆడని చోట నీళ్ళేం చేస్తాయి, ఆలస్యంగా వేడెక్కుతాయి. పెట్టి తీరాలంటే పైకప్పుకు పెట్టండి, పంపు మాత్రం మొత్తం వలయంలో ఎత్తైన చోటు కాకూడదు, లోపలి గాలిబుడగ అక్కడికే చేరుతుంది. సన్న ఫ్యాన్‌కు 30 మిల్లీమీటర్ల స్క్రూ వాడితే అది రేడియేటర్ గొట్టంలోకే దిగుతుంది.

తమరి నివాసం కూడా మార్చాలి. కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ కోసమని వడ్రంగి కట్టిన ఆ తలుపున్న గూట్లోంచి తమరిని బయటికి తెస్తాం. వెనక గోడకు జానెడు ఎడం ఉంచుతాం. ఎయిర్ కూలర్ తడిగాలి నేరుగా మీద పడకుండా చూస్తాం. సంక్రాంతికి బూజులు దులిపేటప్పుడు తమరికీ బ్లోయర్ పెడతాం, ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకునే, ఎందుకంటే బ్లోయర్ గాలికి అవి హద్దు మీరి తిరిగితే బేరింగ్ పోతుంది.

ఇట్లు,
తమరి లోపలి సరుకుకు బిల్లు కట్టినవారు

తా.క.: గాజు ఊడదీశాక టైల్స్ నేల మీద నిలబెట్టం, భయపడకండి. టెంపర్డ్ గాజు మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ దాని అంచు సిరామిక్ టైల్‌కు తగిలితే ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలవుతుంది. మంచం మీద బొంత పరిచి పడుకోబెడతాం. స్క్రూలు, రబ్బరు వాషర్లు ఒక కవర్లో వేసి దానికే టేపుతో అంటిస్తాం, ఎప్పుడైనా అమ్మాలంటే కొనేవాళ్ళు ముందుగా అడిగేది తమరి ముఖాన్నే.