నరం కనబడకుండానే కోసేస్తారా?

అమలాపురం, రాజోలు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చెవిలో చీముకి ఆపరేషన్ చేయించుకుంటే మూతి వంకరపోవడం ఖాయమట. ముఖానికి వెళ్లే నరం ఎముకలో దాక్కుని ఉంటుంది కాబట్టి డాక్టర్లు అదృష్టం మీద కోస్తారట. తప్పదనుకుంటే నరం మెషిన్ ఉన్నచోటే చేయించుకోవాలట. అసలు వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె ఉండగా ఆపరేషన్ ఎందుకు, అని చివర్లో కొసరు. "మూతి వంకర పోద్దంట కదండీ" అంటూ సంతకం పెట్టకుండా లేచి వెళ్లిపోయేవాళ్లను చూస్తున్నాను కనుక, చెవి ఆపరేషన్లు చేసేవాడిగా ఇది రాయాల్సి వచ్చింది.

నరం ఎముక గొట్టంలో నడుస్తుందన్నది నిజమే. కనబడదన్నదే అబద్ధం. దాన్ని గుడ్డిగా వెతకం, గుర్తులు పట్టుకుని వెళ్తాం. మధ్య చెవి ముందు భాగంలో చిన్న గరిటె ఆకారంలో ఒక ఎముక మొన ఉంటుంది. శబ్దాన్ని లోపలికి చేర్చే గొలుసు ఎముకలు జబ్బుతో అరిగిపోయిన చెవిలో కూడా అది చాలాసార్లు మిగిలే ఉంటుంది. నరం దానికి సరిగ్గా పైన. వెనక్కి వస్తే, మనిషి తూలకుండా చూసే అర్ధవృత్తాకార నాళం దంతంలా గట్టిగా, తెల్లగా మెరుస్తుంది. నరం దాని కింద నుంచి వంపు తిరిగి దిగుతుంది. ఆ దగ్గర్లో పెద్ద డైమండ్ బర్ (ఎముకను అరగదీసే డ్రిల్లు మొన) పెట్టి, నరం పోయే దారి వెంబడే అరగదీస్తాం, అడ్డంగా కాదు. నీళ్లు ఆగకుండా పోయాలి, ఎందుకంటే తెగకపోయినా వేడికి నరం దెబ్బతింటుంది. ఎముక పలచబడేకొద్దీ లోపల లేత గులాబీ గీత కనిపిస్తుంది. అక్కడ చెయ్యి ఆగుతుంది.

కష్టమైన చోటు కూడా చెప్పాలి. గొలుసు ఎముకల్లో చివరిదైన స్టేపిస్ పైన కొందరికి పుట్టుకతోనే నరం మీద ఎముక కప్పు ఉండదు. కొలెస్టియటోమా (మధ్య చెవిలో చర్మం పేరుకుని గడ్డలా పెరిగే జబ్బు) తినేసిన చెవిలోనైతే ఇది ఇంకా ఎక్కువ. ఇదివరకు ఒకసారి ఆపరేషన్ అయిన చెవిలో గుర్తులు చెరిగిపోయి ఉంటాయి. అందుకే ముందు సీటీ స్కాన్ చూస్తాం. ప్రమాదం అసలు లేదని చెప్పేవాళ్లనూ నమ్మకండి. కానీ "ఖాయం" అన్నది పచ్చి అబద్ధం.

ఇక మెషిన్. నరాన్ని తాకితే ముఖ కండరాల కదలికను పట్టి శబ్దం చేసే నరం మానిటర్ మంచి సాయమే, నేనూ వాడతాను. కానీ కండరాలు వదులయ్యే మత్తుమందు ప్రభావం ఉన్నంతసేపు అది నమ్మదగింది కాదు. అది మూగగా ఉందని నరం దూరంగా ఉందనుకుంటే కొంప మునుగుతుంది.

ఆపరేషన్ తర్వాత ముఖం జారిన ప్రతిసారీ నరం తెగినట్టు కాదు. తిమ్మిరి ఇంజెక్షన్ వల్ల జారితే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ముందు బాగుండి, కొన్ని రోజుల తర్వాత జారితే చాలావరకు వాపు వల్లే. మందులతో ఎక్కువమంది కోలుకుంటారు. మత్తు దిగగానే ఒక వైపు పూర్తిగా కదలకపోతే మాత్రం ఆలస్యం చేయకూడదు.

నూనె సంగతి: కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో ఏ నూనె అయినా పోయకూడదు. కొలెస్టియటోమా నూనెకు కరగదు, ఎముకను తింటూ పోయి చివరికి అదే నరాన్ని పట్టుకుంటుంది. ఆపరేషన్ మొహం చూడకుండానే మూతి వంకరతో వచ్చేవాళ్లు ఇలా జబ్బును వదిలేసినవాళ్లే. చీము దుర్వాసనతో కారుతుంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. దానికి తోడు కళ్లు తిరగడం, జ్వరంతో తలనొప్పి, మూతి లాగడం ఉంటే ఆ రోజే వెళ్లండి.